డ్యూటీ పుస్తకంలో నీ పేరు

చిరంజీవి బిడ్డకు పెదనాన్న దీవించి వ్రాయునది.

నీవు హోంగార్డుగా చేరబోతున్నావని మొన్న మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు నాకెంతో సంతోషం కలిగింది కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్లు నేను తొడుక్కున్న ఖాకీని మన ఇంట్లో మళ్లీ ఒకరు తొడుక్కుంటున్నారంటే గర్వం కలగకుండా ఉంటుందా? అయితే కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటూ రెండేళ్లు చేసి వదిలేసే పనే కదా అని నీవు తేలికగా అనుకుంటున్నట్టు మీ నాన్న మాటల్లో తోచింది. ఆ తేలికదనమే నా భయం.

ముందు నీ స్థానమేమిటో తెలుసుకో. 1946లో బొంబాయి అల్లర్ల నడుమ పోలీసులకు తోడుగా పౌరులతో ఏర్పడిన స్వచ్ఛంద దళం మనది; 1962 చైనా యుద్ధం తరువాత దేశమంతటా ఒకే తీరుకు వచ్చింది. పుట్టుకతో వచ్చిన ఆ స్వచ్ఛంద అన్న మాట ఇప్పటికీ మనల్ని వదలలేదు. మనకిచ్చేది జీతం కాదు, డ్యూటీ భత్యం. 2015 మార్చిలో హిమాచల్ ప్రదేశ్ హోంగార్డుల కేసులో సుప్రీంకోర్టు, మనల్ని పర్మనెంటు చేయమనలేదు గానీ, భత్యం మాత్రం పోలీసు సిబ్బంది కనీస వేతనానికి తగ్గరాదని చెప్పింది. మన తెలంగాణలో 2024 డిసెంబరులో ముఖ్యమంత్రి రోజు భత్యాన్ని 921 రూపాయల నుంచి 1000 రూపాయలకు పెంచుతున్నట్టు, హోంగార్డు మరణిస్తే కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని ప్రకటించారు. నా రోజులతో పోలిస్తే అది చిన్న విషయం కాదు. అయినా ఒకే కూడలిలో పక్కపక్కన నిలబడ్డ కానిస్టేబులునూ నిన్నూ ఒకే లారీ గుద్దితే, అతని ఇంటికి ఉద్యోగ నియమాలు అండగా వస్తాయి. నీ ఇంటికి వచ్చేది నీవు ముందుగా సిద్ధం చేసుకున్న కాగితాల వల్లనే వస్తుంది. డ్యూటీలో ఉన్నావని రుజువు చేసే కాగితం వాటిలో మొదటిది.

ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా చెప్పని సంగతి. 1998 మేడారం జాతర రోజులవి. వాహనాలు బారులు తీరే రోడ్డు మీద నాకు రాత్రి పాయింట్ డ్యూటీ, అంటే ఒకే చోట నిలబడి చేసే డ్యూటీ, పడింది. ఆనాడు మీ అక్కకు జ్వరం వచ్చి ఒళ్లు కాలిపోతున్నది. నాతో పాటు శిక్షణ పొందిన స్నేహితుడికి ఆ రాత్రి విశ్రాంతి. "నీవు ఇంటికి పో, నేను నిలబడతా" అన్నాడు. స్టేషనులో రికార్డులు వ్రాసే రైటరుకు చెప్పి డ్యూటీ పుస్తకంలో పేరు మార్పించాలని నాకు తెలియక కాదు; జాతర హడావుడిలో ఎవరు అడుగుతారులే అనుకున్నాను. తెల్లవారుజామున ఒక లారీ అతన్ని గుద్ది ఆగకుండా పోయింది. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

పుస్తకంలో ఆ పాయింటు దగ్గర నా పేరు ఉంది, అతని పేరు ఎదుట విశ్రాంతి అని ఉంది. అంటే కాగితాల ప్రకారం అతను డ్యూటీలో లేని మనిషి, దారిన పోతూ ప్రమాదంలో చనిపోయిన మనిషి. నేను ఆ రోజే పోయి నిజం చెప్పి ఉంటే ఏమైనా దారి దొరికేదేమో. కానీ పాయింటు వదిలి వెళ్లినందుకు నన్ను తీసేస్తారన్న భయంతో మూడు వారాలు నోరు విప్పలేదు. చివరకు చెప్పేసరికి విచారణ కాగితం పైకి వెళ్లిపోయింది, నా మాటను తరువాత అల్లిన కథగా తీసుకున్నారు. ఆ రోజుల్లో కూడా గుద్ది పారిపోయిన వాహనం దొరక్కపోతే చనిపోయినవారి కుటుంబానికి మోటారు వాహనాల చట్టం కింద 25,000 రూపాయలు వచ్చేవి. దానికి డ్యూటీతో సంబంధమే లేదు. ఆ మాట అతని భార్యకు చెప్పినవారు లేరు, నాకూ తెలియదు. ఆమె ఇద్దరు పిల్లలను బీడీలు చుట్టి పెంచింది. పెద్దవాడి పెళ్లికి నన్ను పిలిచింది. ఆ పందిట్లో ఆమె నన్ను అన్నా అని పిలిచి అన్నం వడ్డిస్తుంటే ముద్ద దిగలేదు బిడ్డా.

అందుకని, ఎవరి పాయింటైనా నీవు నిలబడినా, నీ పాయింటులో ఎవరైనా నిలబడినా, స్టేషనులో రోజువారీ సంగతులన్నీ వ్రాసే జనరల్ డైరీలో నమోదు కాకుండా కాలు కదపకు. ఇన్‌స్పెక్టరు నోటిమాటగా పంపినా రైటరు దగ్గర వ్రాయించుకొని, ఆ పేజీని ఫోనులో ఫోటో తీసి మీ అమ్మకు పంపు. నిన్ను విసుక్కుంటారు, విసుక్కోనీ.

చిన్న దెబ్బ తగిలినా జారిపడ్డానని డాక్టరుకు చెప్పే మగతనం మనకొద్దు. డ్యూటీలో ఉండగా తగిలిందని చెప్పి మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసు రికార్డుకు పనికొచ్చే కేసుగా, వ్రాయించు. వాహనం గుద్దితే ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకో. నష్టపరిహారం క్లెయిము వేయడానికి ఇప్పుడు చట్టం ఆరు నెలల గడువే పెట్టింది. వాహనం దొరక్కపోతే 2022 ఏప్రిల్ నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇస్తున్నారు.

బ్యాంకులో ప్రధానమంత్రి పేరుతో ఉన్న ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా, 436 రూపాయల జీవన్ జ్యోతి బీమా రెండూ చేరు. ప్రమాదంలో మరణిస్తే చెరొక 2 లక్షలు వస్తాయి. మే నెలాఖరున ప్రీమియం కోసుకునే వేళ ఖాతాలో డబ్బు లేక బీమా ఆగిపోతే మాత్రం నేను ఊరుకోను.

నామినీగా మీ అమ్మ పేరు వ్రాయి. రేపు పెళ్లయితే ఆ కాగితం మార్చడం మరచిపోకు. జీవిత బీమాలో నామినీ డబ్బు అందుకునేవారే గానీ వారసులందరి హక్కు అలాగే ఉంటుందని 1984లో సుప్రీంకోర్టు చెప్పింది; 2015లో బీమా చట్టాన్ని సవరించాక, తల్లిదండ్రులో భార్యో పిల్లలో నామినీ అయితే ఆ లెక్క మారింది. ఆ తేడా తెలియక అత్తాకోడళ్లు కచేరీ మెట్లెక్కడం నేను చూశాను.

రాత్రి డ్యూటీలో మెరిసే జాకెట్టు లేకుండా రోడ్డు మీదికి దిగకు. వాళ్లు ఇవ్వకపోతే నేను కొనిస్తాను, కొలత పంపు. చేరే రోజు నింపే ఫారాలు ముందుగా తెచ్చుకొని ఆదివారం మా ఇంటికి రా. ఇద్దరం కూర్చొని నింపుదాం. మీ పెద్దమ్మ నీకిష్టమైన సర్వపిండి చేస్తానంటున్నది.

ఇట్లు,
మీ పెదనాన్న