ముందే మైకు పెట్టకమ్మా

అమలాపురం

చి. అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

రాజోలు పక్క హైస్కూల్లో టీచరుగా చేరావని మీ అమ్మ చెప్పింది. పూజారిగారినీ పాస్టరుగారినీ ఇమాముగారినీ పిలిచి సర్వమత సభ పెడతావట. వద్దనను గానీ, అది ఆఖర్న పెట్టుకో. నేనూ పెట్టానొకసారి. ముగ్గురూ తలో ముప్పావుగంట మాట్లాడారు, శాలువాలు కప్పాం, ఫొటో దిగాం. పిల్లలు టెంటు కింద కునికారు. మర్నాడు ఎవరి బెంచీ వాళ్ళదే.

పనిచేసింది వేరే. ఎనిమిదో తరగతికి ఒకటే ప్రశ్న ఇచ్చాను: "వేరే మతం వాళ్ళింట్లో ఉపవాసం ఎలా ఉంటారు, దేంతో విడుస్తారు? అడిగి రాసుకురండి." దేవుడి గురించి అడిగితే పెద్దలు బిగుసుకుంటారు గానీ, తిండి గురించయితే ఏ ఇంటి అమ్మమ్మయినా అరుగు మీద కూర్చోబెట్టి చెప్తుంది. రంజాన్‌లో ఖర్జూరం, కార్తీక సోమవారం చుక్కల్ని చూశాక భోజనం, అన్నీ రాసుకొచ్చారు. "అయ్యప్ప మాల నలభై ఒకటి, చర్చిలో శ్రమల దినాలు నలభై. ఆ ఒక్క రోజూ ఎందుకు ఎక్కువండీ?" అన్నాడొకడు. ఏం చెప్పను!

అన్ని మతాలూ ఒకటేనని మాత్రం చెప్పకు. కావని పిల్లలకి తెలుసు. ఆ మాట పట్టుకునే నేను తప్పు చేశాను. వినాయక చవితి మర్నాడు బళ్ళో ఉండ్రాళ్ళు పంచితే, పాస్టరుగారి అమ్మాయి తినకుండా పట్టుకు నిలబడింది. "తింటే ఏమవుద్దే?" అని అందరి ముందూ గద్దించాను. ఉండ్రం ఆ వేళ్ళ మధ్య నలిగి, పొడై రాలింది. రెండ్రోజులు బడికి రాలేదు. మూడోనాడు సైకిలేసుకుని వెళ్ళి తప్పయిందన్నాను. వాళ్ళమ్మ టీ ఇచ్చింది, మాట మాత్రం ఆడలేదు. తిననివాళ్ళని ఎందుకని అడక్కు.

పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బళ్ళో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం. మతాల గురించి చెప్పొచ్చు, మతం బోధించకూడదు. ఏ తండ్రైనా గొడవకొస్తే ఈ తేడా నీ నోటికి రావాలి.

అసలు చిక్కు ఇంకోటుంది. మన దగ్గర చాలాచోట్ల గుడి ఊళ్ళో, చర్చి దళితుల పేటలో. మతం చాటున కులం కూర్చుంటుంది. ప్రశ్న పట్టుకుని ఊరి పిల్లలు కూడా పేటకెళ్ళాలి. పేట పిల్లలే ఊళ్ళోకొస్తే లాభంలేదు. గడప బయటే నిలబెట్టి పంపే ఇళ్ళుంటాయి. పిల్లల్ని పంపేముందు నువ్వెళ్ళి చూసిరా.

పరీక్షలప్పుడు మైకులు తగ్గించమని అడగాలంటే గుడికీ చర్చికీ మసీదుకీ, మూడు చోట్లకీ ఒకే రోజు వెళ్ళు. ముందు ఒక్కచోటికే వెళ్ళావో, అయిపోయావే.

1996 నవంబరు తుపాను గురించి కూడా అడిగించు. ఆ రాత్రి ఎవరు ఎవరి స్లాబు కింద తలదాచుకున్నారో ముసలాళ్ళు చెప్తారు. మా వీధి వాళ్ళం తెల్లారేదాకా చర్చిలోనే ఉన్నాం. మీ నానమ్మ తులసికోట పడిపోయిందని అక్కడే కూర్చుని ఏడ్చింది.

సంక్రాంతికొచ్చేటప్పుడు పిల్లలు రాసిన కాగితాలు పట్టుకురా. తప్పులు దిద్దకు.

పెదనాన్న