ఫోనెత్తితే విసుక్కుంటున్నాడు... ఉద్యోగం మాన్పించమంటారా?

ప్రశ్న: మాది నంద్యాల దగ్గర పల్లె. వ్యవసాయం చేస్తాను. మా అబ్బాయికి 26 ఏళ్లు. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సపోర్ట్ ప్రాజెక్టులో చేరాడు. ఏడాదిగా అమెరికా షిఫ్ట్. ఇదివరకు రోజూ తనే ఫోన్ చేసేవాడు. ఇప్పుడు మేం చేసినా రెండు మాటలకే విసుక్కుంటున్నాడు. సంక్రాంతికి వచ్చి మూడు రోజులూ పడుకునే ఉన్నాడు. పెళ్లి మాటెత్తితే లేచి వెళ్లిపోతాడు. మొన్న వాళ్లమ్మ మీద గట్టిగా అరిచాడు. మేం ఏమంత కష్టపెట్టామని? స్థలం కొన్న అప్పు ఈఎంఐ, చెల్లెలి ఫీజు మాత్రం తనే కడుతున్నాడు. ఉద్యోగం మాన్పించి బ్యాంకు పరీక్షలకు కూర్చోబెట్టమంటారా?
- ఓ తండ్రి

జవాబు: పండక్కి వచ్చి మూడు రోజులూ పడుకునే ఉన్నాడన్నారు చూడండి, నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 గంటలంటే మనకు వాళ్ల వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వాళ్ల ఆఫీసు వేళలకు పనిచేసే కుర్రాడు సిస్టమ్ కట్టేసరికి తెల్లవారుజాము మూడున్నరో నాలుగున్నరో అవుతుంది. గదికి చేరి, ఏదో తిని నడుం వాల్చేసరికి తెల్లారిపోతుంది. మీరు పొలం పని చూసుకుని తీరిగ్గా పదకొండింటికి ఫోన్ చేస్తే, అది అతనికి నడిరాత్రి. పగటి నిద్ర రాత్రి నిద్రకు సాటి రాదు. ఒంట్లోని గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది. కిటికీలో ఎండ, వీధిలో హారన్లు, పక్క మంచం కుర్రాడు ఆఫీసుకు తయారవుతున్న చప్పుడు, వీటి మధ్య ఐదు గంటలు నిద్ర పట్టినా గొప్పే. నిద్ర కరువైన మనిషిలో ముందు తరిగిపోయేది ఓర్పు. కాబట్టి అతని విసుగు చూసి ‘మారిపోయాడు’ అనుకోకండి.

ఇక పని సంగతి. కోతలప్పుడు మీరూ రోజుకు పద్నాలుగు గంటలు కష్టపడి ఉంటారు. కానీ ఏ మడి ముందు కోయాలో, కూలీలను ఎప్పుడు పిలవాలో మీరే నిర్ణయించుకుంటారు. మీ అబ్బాయికి ఆ వీలు లేదు. టికెట్, అంటే కస్టమర్ సమస్య చెబుతూ పంపే ఫిర్యాదు, ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చిందంటే నిమిషాల లెక్కన జవాబివ్వాలి, ఆలస్యమైతే మేనేజర్‌కు మెయిల్ వెళ్తుంది. అమెరికా పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లోనే ఈ సంగతి చెప్పాడు. పని బరువు ఎక్కువై, దాని మీద మనిషికి పట్టు తక్కువైనప్పుడే ఒత్తిడి బాగా పీల్చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ‘బర్నవుట్’కు ఇచ్చిన నిర్వచనంలో మూడు గుర్తులున్నాయి: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి, నా వల్ల ఏమీ కావడం లేదన్న భావన. దాన్ని జబ్బుగా లెక్కించలేదు. పనిచోట ఎడతెగని ఒత్తిడిని సర్దుకోలేకపోతే వచ్చే స్థితి అని చెప్పారు. అది మనిషి స్వభావంలోని లోపం కాదు.

అరిచింది వాళ్లమ్మ మీదే ఎందుకని మీకు బాధ ఉంటుంది. రాత్రంతా కస్టమర్ కోప్పడినా అతను మెత్తగా సమాధానం చెప్పాలి. మేనేజర్ నలుగురి ముందు మాటన్నా ‘ఓకే’ అనాలి. అక్కడ నోరు జారితే ఉద్యోగానికే చేటు. అమ్మ దగ్గర ఆ భయం లేదు. దిగమింగినదంతా అందుకే అక్కడ బయటపడింది. అరవడం సరైందని నేననడం లేదు. అరిచాక అతను కూడా ఆ పగలు సరిగా నిద్రపోయి ఉండడు.

ఇప్పుడు మీకు కాస్త కష్టంగా అనిపించే మాట చెప్పాలి. ఏమంత కష్టపెట్టామని అడిగారు. మీరు చెడు తలపెట్టలేదు, అది నాకు తెలుసు. కానీ నెల నెలా ఈఎంఐ కట్టాల్సిన కుర్రాడు మేనేజర్‌తో ‘నాకీ షిఫ్ట్ వద్దు’ అనలేడు. నైట్ అలవెన్స్ పోతే ఆ నెల లెక్క తప్పుతుంది. పనితీరును బేరీజు వేసే అప్రైజల్‌లో మార్కు తగ్గితే జీతం పెంపు పోతుంది. ఫీజు గడువు దగ్గరపడుతుంటే ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూకి సెలవు పెట్టడానికి కూడా భయమే. ఇంటి కోసం పెట్టిన ఆ బరువు ఆఫీసులో అతని నోరు కట్టేస్తోంది. ఆఫీసులో నోరు కట్టుకున్న మనిషి ఇంటికొచ్చి అరుస్తాడు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఈ రెండింటి మధ్యే నలిగిపోతుంటారు. కంపెనీని మీరు మార్చలేరు. ఈ రెండో వైపు బరువు మాత్రం మీ చేతుల్లో ఉంది.

అందుకే, ఇప్పుడు ఉద్యోగం మాన్పించకండి. జీతం ఆగి, అప్పు అలాగే ఉండి, చేతిలో పుస్తకం పెడితే ఆ కుర్రాడికి ఊపిరాడదు. బ్యాంకు ఆఫీసరు ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ పీవో పరీక్షకు జనరల్ కేటగిరీకే 30 ఏళ్ల వరకు వయసు ఉంది, తొందర లేదు. బ్యాంకులోనూ టార్గెట్లు, బదిలీలు ఉంటాయని మరిచిపోకండి.

ముందు షిఫ్ట్ మారాలి. ఈ ప్రాజెక్టులో ఏడాది అయింది కాబట్టి పగటి షిఫ్ట్ గానీ, వేరే ప్రాజెక్టు గానీ కావాలని మేనేజర్‌కు, హెచ్ఆర్‌కు మెయిల్‌లో అడగమనండి. నోటిమాట సరిపోదు. డాక్టర్‌కు చూపించుకుని నిద్ర సమస్య కాగితం మీద రాయించుకుంటే ఇంకా బలం. కంపెనీలో లోపల పడే ఉద్యోగ ప్రకటనలు చూసుకోవచ్చు. మానేయాలనే నిర్ణయానికి వస్తే ఇంకో ఆఫర్ చేతికొచ్చాకే. చాలా చోట్ల నోటీసు గడువు రెండు మూడు నెలలు ఉంటుంది, ఆ లెక్కా వేసుకోవాలి.

షిఫ్ట్ మారితే అలవెన్స్ తగ్గుతుంది. ఆ లోటు మీరు భరించగలరా? పంట డబ్బు నుంచి ఈఎంఐలో కొంత సర్దండి. అదీ కుదరకపోతే స్థలం అమ్మే సంగతి ఆలోచించండి. చెల్లెలి చదువుకు విద్యాలక్ష్మి పోర్టల్‌లో విద్యారుణానికి దరఖాస్తు చేయొచ్చు, సాధారణంగా చదువు అయ్యాకే వాయిదాలు మొదలవుతాయి. పెళ్లి మాట ఆరు నెలలు పక్కన పెట్టండి. బంధువులు అడిగితే మీరే సమాధానం చెప్పుకోండి, అతని వరకు రానివ్వకండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. తిండి మానేయడం, తాగుడు పెరగడం, స్నేహితులను కూడా తప్పించుకోవడం, ‘నేను లేకపోతే మీకే నయం’ లాంటి మాట రావడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. ఆ చివరి మాటే వస్తే అతన్ని ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఏ వేళకైనా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మీరు కూడా చేయొచ్చు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్లడం పరువు తక్కువ అనుకోకండి.

ఈ సంగతులన్నీ ఫోన్లో తేలవు. అతని వారాంతపు సెలవుకు మీరిద్దరూ హైదరాబాద్ వెళ్లండి. పొద్దున్నే తలుపు కొట్టకుండా, అతను నిద్ర లేచాక సాయంత్రం కలవండి. భోజనాలయ్యాక ఈఎంఐ సంగతి మీరే ఎత్తి, మీరెంత సర్దగలరో చెప్పండి. బ్యాంకు పరీక్షల గురించి ఆ రోజు అడగకండి. నిజంగా అటు వెళ్లాలని ఉంటే, రెండు మూడు నెలలు సరిగా నిద్రపోయాక నాకు అతన్నే రాయమనండి.