పేరు దాచినా చోటు పట్టిస్తుంది

ప్రశ్న: మారతహళ్లి చుట్టుపక్కల పీజీల్లో ఉండే తెలుగువాళ్ల కోసం, పేరూ నంబరూ అడగని చాట్ యాప్ రాస్తున్నాను. 2 కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లు కనిపించాలి, ఎంత దూరంలో ఉన్నారో మీటర్లలో రావాలి. లొకేషన్ బయటపడకుండా ఎలా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ముందు ఆ మీటర్లు తీసేయండి. నకిలీ లొకేషన్‌తో మూడు చోట్ల ఉన్నట్టు చూపించి మూడు దూరాలు రాసుకుంటే, మూడు వృత్తాలూ కలిసే చోటే అవతలి మనిషి గది. కుర్చీలోంచి లేవకుండా అయ్యే పని ఇది. దూరాన్ని ప్రతిసారీ ఓ 200 మీటర్లు అటూ ఇటూ జరిపితే చాలనుకుంటారు గానీ, వందసార్లు అడిగి సగటు తీస్తే ఆ తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

నేలను గళ్లుగా కోయండి. గడిలో ఎక్కడున్నా జవాబు ఒకటే రావాలి. ఒక్కో గడికీ అక్షరాల కోడ్ ఇచ్చే జియోహ్యాష్ పద్ధతిలో 6 అక్షరాల గడి బెంగళూరు దగ్గర తూర్పు పడమరలు 1.2 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలు 0.6 కిలోమీటర్లు ఉంటుంది. 7 అక్షరాలైతే 150 మీటర్లే. అంటే ఒక వీధి, నాలుగు పీజీలు, వద్దు. గడిని ఫోన్‌లోనే లెక్కగట్టి ఆ 6 అక్షరాలే పంపండి. సర్వర్‌కు చేరని అక్షాంశ రేఖాంశాలు సర్వర్ నుంచి లీకవ్వవు.

చుట్టూ ఉన్న 8 గళ్లు కలిపితే సరిపోతుందని చాలాచోట్ల రాస్తారు. మీ 2 కిలోమీటర్లకు సరిపోదు. గడి అంచున ఉన్న మనిషికి ఉత్తరాన ఒక్క గడి కలిపితే 0.6 కిలోమీటర్లే దక్కొచ్చు. పైకీ కిందికీ నాలుగేసి, పక్కలకు రెండేసి కలపాలి: 9 వరసలు, 5 నిలువులు, మొత్తం 45 గళ్లు. మొదటి అక్షరాలు కలిస్తేనే పక్క గడి అనుకోవద్దు. ఆనుకుని ఉన్న గళ్లకే అక్షరాలు పూర్తిగా మారిపోవచ్చు. పక్క గళ్లను జియోహ్యాష్ లైబ్రరీతోనే (సిద్ధంగా దొరికే కోడ్‌తోనే) తీయండి.

రెడిస్ అనే డేటాబేస్‌లో గడికో సార్టెడ్ సెట్ (స్కోరు వరసలో ఉండే జాబితా) పెట్టి, చివరిసారి కనిపించిన సమయాన్ని స్కోరుగా ఇవ్వండి. తనంతట తాను చెరిగిపోయే గడువు కీకి, అంటే ఆ సెట్ మొత్తానికే తప్ప లోపలి ఒక్కొక్కరికీ ఉండదు. అందుకే 10 నిమిషాలు దాటినవాళ్లను మీరే తుడవాలి. లేకపోతే ఊరెళ్లిపోయినవాళ్లు కూడా ఆన్‌లైన్‌లోనే కనిపిస్తారు.

అర్ధరాత్రి గడిలో ఒక్కరే ఉంటే ఇక దాచేదేముంది? ఐదుగురికి తగ్గితే 5 అక్షరాల గడికి పెంచండి. అందులో 32 చిన్న గళ్లు పడతాయి. ఆండ్రాయిడ్ 12 నుంచి 'సుమారు' లొకేషన్ ఎంచుకునేవాళ్లనూ అక్కడే వేయండి, వాళ్ల చిన్న గడి తరచూ తప్పుతుంది.

ప్రశ్న: ఫోన్ నంబరు హ్యాష్ చేసి (వెనక్కి తిప్పలేని కోడ్‌గా మార్చి) ఐడీగా వాడొచ్చా? వేధింపుల ఫిర్యాదులొస్తే?

జవాబు: వాడొద్దు. పది అంకెల నంబర్లన్నీ వరసగా హ్యాష్ చేసి పోల్చడం కంప్యూటర్‌కు పెద్ద పనేం కాదు. రోజుకో కొత్త ఐడీ ఇవ్వండి, బ్లాక్ మాత్రం సర్వర్ వైపు ఇన్‌స్టాల్ టోకెన్‌కు (యాప్ పెట్టుకున్నప్పుడు ఇచ్చే గుర్తుకు) కట్టండి. ఐడీకి కడితే మర్నాటికి వేధించినవాడు కొత్త పేరుతో తిరిగొస్తాడు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు యాప్‌లో కనబడాలి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం సర్వర్ లాగ్‌లు (రికార్డులు) 180 రోజులు ఉంచాలి, వాటిలో ఐపీలు (ఇంటర్నెట్ చిరునామాలు) ఉంటాయి. కాబట్టి 'మీరెవరో ఎవరికీ తెలియదు' అని రాయకండి. 'తోటి వాడుకరులకు తెలియదు' అని రాయండి.