మ్యాక్‌లో టర్బో సీ రాకపోతే ఇంకో ల్యాప్‌టాప్ కొనాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ ఫస్టియర్. అప్పు చేసి మ్యాక్‌బుక్ కొనిచ్చాం. కాలేజీ ల్యాబ్‌లో టర్బో సీ వాడుతున్నారు, అది ఇందులో నడవడం లేదు. విండోస్‌ది ఇంకోటి కొనాలా? ఎలాగూ సీ పాతబడింది కాబట్టి బయట 80 వేలు కట్టి ఏఐ కోర్సులో చేర్చడం మేలా? – ఒక తండ్రి

జవాబు: కొనకండి. ఏటా కాలేజీలు తెరిచిన నెలకల్లా ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది.

టర్బో సీ 1987లో బోర్లాండ్ కంపెనీ డాస్ అనే పాతకాలపు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం చేసిన కంపైలర్, అంటే సీ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ను కంప్యూటర్ నడిపేలా మార్చే సాఫ్ట్‌వేర్. మ్యాక్ సంగతి అలా ఉంచండి, ఇప్పటి 64 బిట్ విండోస్ మీద కూడా అది నేరుగా నడవదు. పక్కింటి పిల్లాడి ల్యాప్‌టాప్‌లో టర్బో సీ నీలం తెర వస్తోందంటే, డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లోపల పాత డాస్ కంప్యూటర్ వేషం కట్టిందన్నమాట. అది మ్యాక్‌కీ దొరుకుతుంది. ల్యాబ్ రికార్డు వరకు దాంతో కానివ్వమనండి. నేర్చుకోవడానికి మాత్రం మ్యాక్‌లో ఉచితంగా దొరికే క్లాంగ్ అనే కంపైలర్ చాలు, కాకపోతే ప్రోగ్రామ్‌లో టర్బో సీ కోసం రాసే కోనియో హెడర్, క్లియర్ స్క్రీన్ లైన్లు తీసేయాలి, వాయిడ్ మెయిన్‌ని ఇంట్ మెయిన్ చేయాలి.

ఒక తమాషా చెప్తాను. ఇంట్ (పూర్ణసంఖ్యలు దాచే రకం) పెట్టి 8 ఫ్యాక్టోరియల్ (1 నుంచి 8 దాకా అంకెల లబ్ధం) వేస్తే టర్బో సీలో మైనస్ 25216 వస్తుంది, మ్యాక్‌లో 40320. డాస్ కంపైలర్‌లో ఇంట్‌కి రెండే బైట్లు, 32767 దాటితే పొంగిపోతుంది. మ్యాక్‌లో నాలుగు బైట్లు, అదీ 13 ఫ్యాక్టోరియల్ దగ్గర తప్పుతుంది. ఇది ఎందుకో మీవాడు తనంతట తాను కనుక్కున్నాడంటే మీరు టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు.

ఇక ఆ 80 వేల కోర్సు. ఏఐ మీద నాకు కోపం లేదు, దాని పేరు చెప్పి ఫస్టియర్ పిల్లలకు అమ్మే సర్టిఫికెట్ల మీదే నా అనుమానం. లూప్ సరిగ్గా రాయడం రాని పిల్లాడు నాలుగు లైన్లు కాపీ కొట్టి మోడల్ ట్రైన్ చేశానంటాడు, ఇంటర్వ్యూలో డేటా మెమరీలో ఎంత చోటు తింటుందని అడిగితే నోరు పెగలదు. ఇలాంటివాళ్లను నేనే చాలామందిని చూశాను. ఫైనలియర్‌లో నిజంగా ఆసక్తి ఉంటే అప్పుడు చూద్దాం, ఈలోపు ఆ డబ్బుతో అప్పు తీర్చండి.

ఇంకోటి, తప్పుగా అనుకోకండి. ల్యాబ్ అబ్బాయిది, ల్యాప్‌టాప్ అబ్బాయిది, ఉత్తరం మాత్రం మీది! ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ నాన్న పర్సు తీస్తుంటే వాడు ఎర్రర్ చదవడం ఎప్పుడు నేర్చుకుంటాడండీ? డాస్‌బాక్స్ దగ్గర ఎక్కడైనా ఆగిపోతే నాకు రాయమనండి, వాడినే.