ప్యానెల్ ముందు పిల్లలు ఏం చేస్తున్నారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బడుల్లోకి వచ్చిన ప్యానెళ్లు (గోడకు బిగించే పెద్ద టచ్ తెరలు), ట్యాబులు, ఫోన్ల గురించే ఉన్నాయి. వాటిలో తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు అడిగిన ఐదు ప్రశ్నలను ఇక్కడ తీసుకున్నాను.

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. పదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతాను. తరగతి గదిలో ప్యానెల్ బిగించిన నాటినుంచి ప్రతి పాఠానికీ వీడియో వేస్తున్నాను. పిల్లలు కదలకుండా చూస్తారు, బాగుందంటారు. మరునాడు అడిగితే మాత్రం నోరు మెదపరు. లోపం వీడియోలో ఉందా, నాలో ఉందా?
— ఒక స్కూల్ అసిస్టెంట్, పూతలపట్టు మండలం

జవాబు: వీడియో నడిచే ఇరవై నిమిషాలూ పిల్లలకు చేయడానికి పనేమీ లేకపోవడమే అసలు చిక్కు. తరగతి నిశ్శబ్దంగా ఉంటే పాఠం తలకెక్కుతోందని మనం సంతోషిస్తాం గానీ, సినిమా హాల్లో జనం కూడా అంతే నిశ్శబ్దంగా కూర్చుంటారు.

చంద్రగిరి వైపు ఒక పాఠశాలలో నేను వెనక బెంచీలో కూర్చుని చూసిన పీరియడ్ ఒకటి చెబుతాను. విద్యుత్ పాఠం. ప్యానెల్ మీద ఒక సెల్లు, దానికి ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటిగా కలిపిన రెండు ఒకే రకం బల్బులు కనిపిస్తున్నాయి. మేష్టారు స్విచ్ వేయకుండా బొమ్మను అక్కడే ఆపి, ఏ బల్బు ఎక్కువ వెలుగుతుందో, ఎందుకో పక్కవాళ్ల నోట్సు చూడకుండా రాయమన్నారు. ఎక్కువమంది మొదటి బల్బే అని రాశారు. ఆ తర్వాత స్విచ్ వేస్తే రెండూ సమానంగా వెలిగాయి. ఒక అమ్మాయికి అది మింగుడు పడలేదు. “సార్, మొదటి బల్బు తినేసినాక మిగిలిందే కదా రెండోదానికి పోయేది?” అని అడిగింది. బల్బు కరెంటును తినేస్తుందనే ఆ అపోహ ఆ పిల్ల ఒక్కతెదే కాదు. ఏ దేశపు తరగతిలో అడిగినా ఎవరో ఒకరు ఆ మాటే అంటారు. మేష్టారు జవాబు చెప్పకుండా రెండు టార్చి బల్బులు, సెల్లు, తీగలు ఆ బల్ల మీద పెట్టారు. నిజం బల్బులు కదా, ఒకటి కాస్త ఎక్కువగా వెలిగింది. “చూసినారా సార్!” అన్నది ఆ అమ్మాయి. అప్పుడాయన రెండు బల్బుల చోట్లు మార్చమన్నారు. ఎక్కువ వెలుగు ఆ బల్బుతో పాటే రెండో చోటికి పోయింది. తేడా బల్బులో ఉందే గాని అది ఉన్న చోటులో లేదని ఆ పిల్ల తనంతట తానే పైకి చెప్పింది.

ఆ పీరియడ్‌లో ప్యానెల్ వెలిగింది మొత్తం మీద ఏడెనిమిది నిమిషాలు ఉంటుందేమో. ఆయన వాడినది కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ మొదలుపెట్టిన ఫెట్ అనే కంప్యూటర్ నమూనాల్లో ఒకటి. అవి ఉచితం, ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి, చాలావాటికి తెలుగు రూపం ఉంది. వీడియోకూ వీటికీ ఉన్న పెద్ద తేడా ఏమిటంటే, వీడియో తన దారిన తాను పోతుంది, నమూనా మనం తీగ కలిపేదాకా ఆగుతుంది. అలాగని వీడియో పనికిరాదని కాదు. మూడు నాలుగు నిమిషాల ముక్క తీసుకుని, మధ్యలో రెండుచోట్ల ఆపి, తర్వాత ఏమవుతుందో రాయించి, రాసినదాన్ని చదివించి, ఆపైన మిగతాది చూపితే అదే వీడియో వేరే పని చేస్తుంది.

మరునాటి మౌనానికి మందు మరునాడే వేయాలి. మొదటి అయిదు నిమిషాలు పుస్తకాలు మూయించి, నిన్నటి పాఠంలో గుర్తున్నది కాగితం మీద పెట్టమనండి. చదివినదాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే, చూడకుండా గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేసినవాళ్లే వారం తర్వాత ఎక్కువ జ్ఞాపకం పెట్టుకున్నారని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. దీనికి ప్యానెల్ కూడా అక్కర్లేదు.

ఇంకో మాట. శిలల పాఠానికి ఎక్కడో అమెరికా లోయల వీడియో వేసి, తిరుమల కొండదారి పక్కన కంటికి కనిపించే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీని వదిలేసే తరగతులు మన ప్రాంతంలో ఉన్నాయి. కింది రాతికీ పై రాతికీ నడుమ పదుల కోట్ల ఏళ్ల చరిత్ర కనబడకుండా పోయిన చోటు అది. పిల్లలు బస్సులో దాన్ని దాటుకుంటూ ఎన్నిసార్లు కొండెక్కి ఉంటారో!

ప్రశ్న: నేను బీఈడీ చదువుతున్నాను. మా అక్క ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయిని). ఆమె ఆన్‌లైన్ శిక్షణ వీడియో ఒకపక్క నడుస్తుంటే మరోపక్క వంట చేసుకుంటుంది, చివర్లో ప్రశ్నలకు జవాబులు నొక్కి సర్టిఫికెట్ తీసుకుంటుంది. రేపు నా పనీ ఇంతేనా? శిక్షణను నిజంగా ఉపయోగించుకోవడం ఎలా?
— ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ అక్కగారిని తప్పుపట్టలేను. పగలంతా బడి, ఆపైన హాజరు యాప్, ఇంకో నాలుగు యాప్‌లలో వివరాల నమోదు ముగించుకుని వచ్చిన మనిషి రాత్రి ఎనిమిదింటికి గంటసేపు వీడియో శ్రద్ధగా చూడాలనుకోవడం అత్యాశ. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణలో పాల్గొనాలని ఆశించింది. 2017లో వచ్చిన దీక్ష అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక, 2019లో మొదలై మరుసటి ఏడాది ఆన్‌లైన్‌లోకి మారిన నిష్ఠ అనే ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం ఆ గంటలను ఇంటికే తెచ్చాయి. గంటలు సమకూరాయి గానీ, విన్నదాన్ని తరగతిలో ప్రయత్నించి, మళ్లీ వచ్చి తోటివారితో మాట్లాడుకునే ఏర్పాటు చాలాచోట్ల వెనకబడింది.

ఇది మనకు కొత్త పాఠమేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు ప్రసారం చేసిన ‘సైట్’ ప్రయోగంలోనే సుమారు 50 వేలమంది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. అప్పుడు టీవీ ఒక్కదాన్నే నమ్ముకోలేదు. రేడియో, అచ్చువేసిన కార్యక్రమాల పుస్తకం, బృందంగా కూర్చుని చేసే పనులు దానికి జోడించారు. 2004 సెప్టెంబరు 20న విద్య కోసమే ప్రత్యేకంగా తయారైన ఎడ్యుశాట్ ఉపగ్రహం మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. ప్రసారం ఎంత పైనుంచి వచ్చినా, కింద గదిలో నలుగురు ఉపాధ్యాయులు చేతులతో ఏం చేశారన్నది వేరే లెక్క.

మీరు ఇంకా విద్యార్థిని కాబట్టి ఈ ఏడాదే ఒక పని మొదలుపెట్టండి. మీ సిలబస్‌లో మైక్రో టీచింగ్ ఉంటుంది. 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో దాన్ని రూపొందించినప్పుడు, చిన్న పాఠం చెప్పడం, దాన్ని వీడియోలో చూసుకోవడం, దిద్దుకుని మళ్లీ చెప్పడం అనేవే దాని ప్రాణం. తర్వాతి కాలంలో మన కళాశాలల్లో చాలాచోట్ల అది రికార్డు పుస్తకంలో పట్టికలు నింపడంగా మిగిలింది. అప్పట్లో కెమెరా ఖరీదైన వస్తువు. ఇప్పుడు మీ చేతి సంచిలో ఉంది.

ఏడు నిమిషాల పాఠం చెప్పి, మీ ఫోన్‌తోనే రికార్డు చేయించుకోండి. చూసేటప్పుడు చీర కట్టు, గొంతు, చేతిరాత వదిలేసి ఒక్క విషయమే లెక్కపెట్టండి: ప్రశ్న అడిగాక, మీరే జవాబు చెప్పడానికో ఇంకొకరి పేరు పిలవడానికో ముందు ఎన్ని సెకన్లు ఆగారు? సాధారణంగా ఉపాధ్యాయులు ఒక సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లకు పైగా ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయని, మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. నా పాఠం నేను మొదటిసారి చూసుకున్నప్పుడు ఒక సెకను కూడా లేదు. ప్రశ్న తోకలోనే జవాబు పెట్టేస్తున్నాను. అంతకుముందు ఇరవై ఏళ్లుగా ఎవరూ నాకు ఆ మాట చెప్పలేదు. టీచింగ్ ప్రాక్టీసుకు బడికి వెళ్లినప్పుడు మాత్రం హెచ్ఎం అనుమతి తీసుకోండి. ఫోన్‌ను గది వెనక, పిల్లల వీపులు మాత్రమే పడేలా పెట్టించండి. మీ గైడుతో కలిసి చూశాక తుడిచేయండి. దాన్ని స్టేటస్‌లో పెట్టకండి.

మీ అక్కగారికి కూడా ఒక సూచన. తర్వాతి కోర్సులో ఒకే ఒక్క పద్ధతి ఎంచుకుని, వారంపాటు తన తరగతిలో చేసి చూసి, ఏం కుదిరిందో ఏం కుదరలేదో స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయుల) సమావేశంలో పది నిమిషాలు చెప్పనివ్వమని అడగమనండి. అడిగితే కాదనే కాంప్లెక్స్ హెచ్ఎంలు తక్కువ.

ప్రశ్న: తలకోన వైపు కొండకింద ఏకోపాధ్యాయ పాఠశాల మాది. అయిదు తరగతులకు నేనొక్కడినే. ప్యానెల్ లేదు, సిగ్నల్ రాదు, ఉన్నది నా ఫోన్ ఒక్కటే. మా పిల్లలు వెనకబడిపోతున్నట్టేనా?
— ఒక ఉపాధ్యాయుడు, యర్రావారిపాలెం మండలం

జవాబు: మీకు కావలసిన సాంకేతికత పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో తయారైంది, దానికి కరెంటు అక్కర్లేదు. అక్కడి గ్రామీణ పాఠశాలల కోసం రూపొందించిన కార్డుల పద్ధతిలో ప్రతి విషయాన్నీ చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, గోడ మీద ఒక అభ్యసన నిచ్చెన వేలాడదీస్తారు. పిల్ల తానున్న మెట్టు చూసుకుని తన కార్డు తీసుకుని పని మొదలుపెడుతుంది. ఒకరు రెండో మెట్టులో, ఇంకొకరు పదకొండులో ఉన్నా తరగతి ఆగదు. ఉపాధ్యాయుడు అవసరమైన పిల్ల పక్కన కూర్చోగలుగుతాడు. తమిళనాడు ప్రభుత్వ పాఠశాలల్లో వచ్చిన కృత్యాధార బోధనకు మూలం ఇదే. ఫోన్ విషయానికొస్తే, ఊళ్లోకి వచ్చినప్పుడు దీక్షలోంచి కావలసినవి దించి పెట్టుకోండి. చిన్న తెర చుట్టూ ఇరవైమందిని మూగించడం కంటే కథలు, పద్యాలు, ఇంగ్లీషు సంభాషణలు చిన్న స్పీకరుకు కలిపి వినిపించడం మేలు.

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. బడివాళ్లు పిల్లల ఫొటోలు పేర్లతో సహా సోషల్ మీడియాలో పెడుతున్నారు. మార్కుల జాబితా వాట్సాప్ గ్రూపులో వేస్తున్నారు. హోంవర్కు యాప్ పాప పుట్టినతేదీ, నా ఫోన్ నంబరు అడుగుతోంది. అభ్యంతరం చెబితే పాపను వేరుగా చూస్తారేమోనని భయం.
— ఒక తల్లి, పలమనేరు

జవాబు: మీ భయం సహజమే, అభ్యంతరం సబబే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి వివరాలను వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి, అదీ సరిచూసుకోదగిన సమ్మతి, ఉండాలంటుంది. పిల్లలను వెంటాడి గమనించడాన్ని, వారిని గురిచేసి ప్రకటనలు వేయడాన్ని కాదంటుంది. నిబంధనల్లో విద్యాసంస్థలకు ఉన్న సడలింపు బోధన పనులకు, పిల్లల భద్రతకు సంబంధించిన గమనింపు వరకే. బడి ప్రచారానికి అది వర్తించదు.

హెచ్ఎంగారికి మర్యాదగా, రాతపూర్వకంగా మూడు కోరండి: ఫొటో పెట్టినా పేరు, తరగతి పెట్టవద్దని; మార్కులు ఎవరివి వారికే పంపమని; యాప్‌లో పుట్టినతేదీ ఎందుకు కావాలో చెప్పమని. ఒంటరిగా కాకుండా ఇంకో ఇద్దరు తల్లులతో కలిసి వెళితే మీ పాప ఒక్కతే కళ్లలో పడదు. ఉపాధ్యాయులు కూడా ఇది చదువుతున్నారు కాబట్టి వారికొక మాట: గ్రూపులో వేసిన జాబితాలో అట్టడుగున ఉన్న పిల్లవాడి పేరు ఆ సాయంత్రానికే ఊరంతా తెలుస్తుంది. మన సౌకర్యానికి వాడు మూల్యం చెల్లిస్తున్నాడు.

ప్రశ్న: తెలుగు ప్రశ్నపత్రాలు, పద్యాల వివరణలు కృత్రిమ మేధ చాట్‌బాట్‌లతో రాయించుకోవచ్చా?
— ఒక తెలుగు పండితులు, శ్రీకాళహస్తి

జవాబు: ముసాయిదాకు రాయించుకోండి, సంతకం మాత్రం చదివాకే పెట్టండి. లేని పద్యాన్ని ఉన్న కవి పేరిట, తడుముకోకుండా చెప్పే గుణం వీటికి ఉంది. పిల్లల పేర్లు, మార్కులు వాటిలో వేయకండి.

ఆ లోపాన్నే పాఠంగా మార్చుకోవచ్చు. ఈమధ్య ఒక చాట్‌బాట్‌ను స్వర్ణముఖి మీద ఉత్పలమాల చెప్పమన్నాను. నాలుగు పాదాలు, కమ్మని మాటలు, చివర “ఇది ఛందోబద్ధం” అనే హామీ కూడా ఇచ్చింది. దాన్ని అచ్చుతీసి తొమ్మిదో తరగతి పిల్లలకిచ్చి గణవిభజన చేయమన్నాం. భ ర న భ భ ర వ అని గొణుక్కుంటూ గురులఘువులు వేసుకుపోయారు. మొదటి పాదం రెండో గణంలోనే చిక్కుపడింది. ఇంకొందరు పదో అక్షరం దగ్గర యతి లేదని పట్టుకున్నారు. వెనక బెంచీ పిల్లవాడొకడు గణాల జోలికి పోకుండా నాలుగు పాదాల్లో రెండో అక్షరాలు మాత్రం చుట్టి, ప్రాస కలవలేదని అందరికంటే ముందు చెయ్యెత్తాడు. ఛందస్సు పీరియడ్‌లో వాడు చెయ్యెత్తడం అదే మొదటిసారని వాళ్ల టీచరుగారు తర్వాత నాతో అన్నారు.