పొగాకును నిషేధిస్తే పోదా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సిగరెట్ ప్రాణాలు తీస్తుందని పెట్టె మీద అచ్చు వేయించేదీ ప్రభుత్వమే, దాన్ని అమ్మనిచ్చేదీ ప్రభుత్వమే. పొగతాగడం నేరమని చట్టం చేసి ఒక్కసారిగా ఆపేస్తే పీడ విరగడవుతుంది కదా?

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. పొగాకు వల్ల ప్రపంచంలో ఏటా 70 లక్షల మందికి పైగా చనిపోతున్నారు. వాళ్లలో పది లక్షల మందికి పైగా తాము కాల్చినవాళ్లు కాదు, పక్కవాళ్లు వదిలిన పొగ పీల్చినవాళ్లు. సిగరెట్ ఇవాళ కొత్తగా తయారై అనుమతి కోసం వస్తే ఏ దేశమూ గడప తొక్కనివ్వదు.

అయితే నిషేధం అనే ఒక్క మాటలో నాలుగు పనులు ఇమిడి ఉన్నాయి. తయారీ ఆపడం, అమ్మకం ఆపడం, దగ్గర ఉంచుకోవడాన్ని నేరం చేయడం, కాల్చడాన్ని నేరం చేయడం. మొదటి రెండూ వ్యాపారికి తగులుతాయి. చివరి రెండూ అలవాటుకు చిక్కిన మనిషికి తగులుతాయి. మా అభిప్రాయం సూటిగా చెబుతాం: మొదటి రెండింటినీ అంచెలంచెలుగా బిగించాలి, చివరి రెండింటి జోలికి పోకూడదు. నలుగురూ తిరిగే చోట కాల్చడం వేరే సంగతి, దానికి జరిమానా ఉండాల్సిందే.

కారణం ఒంట్లోనే ఉంది. పొగాకులో అలవాటు పట్టించే పదార్థం నికోటిన్. రక్తంలో అది రెండు గంటలకు సగమవుతుంది. రోజుకు ఇరవై కాల్చే మనిషి రాత్రి పడుకుని లేచేసరికి అది దాదాపు అడుగంటుతుంది, అందుకే పొద్దున్నే మొదటి దమ్ము కోసం అంత ఆత్రం. చట్టం అర్ధరాత్రి అమల్లోకి వచ్చిందనుకోండి, తెల్లారేసరికి కోట్లమంది ఒకేసారి ఆ స్థితిలో ఉంటారు. చాటుగా అమ్మేవాడు పుట్టడానికి ఆ ఒక్క పూట చాలు.

ఇది ఊహ కాదు, చేసి చూసినవాళ్లున్నారు. భూటాన్ 2004లో దేశమంతటా పొగాకు అమ్మకం ఆపేసింది. సొంత వాడకానికి కొద్దిగా తెచ్చుకోవచ్చు, దిగుమతి సుంకం కట్టిన రసీదు మాత్రం చూపాలి. 2010 చట్టంతో శిక్షలు పెరిగాయి. 2011లో కొద్దిపాటి నమిలే పొగాకుతో దొరికిన ఒక బౌద్ధ సన్యాసికి మూడేళ్ల జైలు పడింది. జనం మండిపడితే 2012లో చట్టాన్ని సడలించారు. సరిహద్దు దాటి దొంగసరుకు రావడం మాత్రం ఆగలేదు. ఆ రాకపోకలతో కోవిడ్ కూడా వస్తుందన్న భయంతో 2021లో అమ్మకాల నిషేధాన్నే ఎత్తేశారు. దక్షిణాఫ్రికా 2020 మార్చి 27 నుంచి ఆగస్టు 17 వరకు అమ్మకాలు ఆపింది. కాల్చేవాళ్లలో ఎక్కువమంది మానలేదు, హెచ్చు ధర పెట్టి బ్లాకులో కొన్నారు. నిషేధం పోయాక కూడా ఆ దొంగ సరఫరా దారులు మూతపడలేదు. ఇంకా వెనక్కి వెళితే, 1633లో ఒట్టోమన్ సుల్తాన్ నాలుగో మురాద్ పొగతాగితే మరణశిక్షే అన్నాడు. ఆ సామ్రాజ్యంలో పొగాకు ఆయన తర్వాత కూడా హాయిగా బతికింది.

దీనికి ఎదురుగా బ్రెజిల్‌ను పెట్టి చూడండి. 1989లో అక్కడి పెద్దల్లో సుమారు 35 శాతం మంది పొగతాగేవారు. 2019కి అది 13 శాతం దగ్గరికి దిగింది. పొగతాగడాన్ని అక్కడ ఎవరూ నేరం చేయలేదు. ప్రకటనలు ఆపారు, పెట్టెల మీద బొమ్మల హెచ్చరికలు వేయించారు, పన్ను పెంచారు, నాలుగు గోడల మధ్య జనం మసలే చోట పొగ నిషేధించారు, మానాలనుకున్నవాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులిచ్చారు. ఈ చివరిది లేకుండా మొదటి నాలుగే చేసి, ఫలితం రాలేదని వాపోయే ప్రభుత్వాలు చాలా ఉన్నాయి.

ప్రశ్న: నా డబ్బు, నా ఊపిరితిత్తులు. మధ్యలో ప్రభుత్వం ఎవరు?

జవాబు: మిమ్మల్ని జైల్లో పెట్టకూడదన్నంత వరకు మేమూ మీ పక్షమే. "ఇష్టం" అన్న మాట దగ్గరే పేచీ. అమెరికాలో రోజూ పొగతాగే పెద్దల్లో పదికి తొమ్మిది మంది దాకా మొదటి సిగరెట్ ముట్టించింది పద్దెనిమిది నిండేలోపే. కాల్చేవాళ్లలో ఎక్కువమంది మానాలని కోరుకునేవాళ్లే. పిల్లవాడిగా మొదలుపెట్టి, పెద్దయ్యాక వదిలించుకోలేకపోతున్న దాన్ని ఇష్టం అనడం కష్టం. పైగా వదిలిన పొగ మీ సొత్తుగా మీ దగ్గరే ఉండిపోదు.

ప్రశ్న: ఫలానా ఏడాది తర్వాత పుట్టినవాళ్లకు ఎప్పటికీ అమ్మకూడదనే చట్టం గురించి చదివాను. అది ఎలా పనిచేస్తుంది?

జవాబు: మామూలుగా చట్టం వయసు చూస్తుంది. పద్దెనిమిదో, ఇరవై ఒకటో నిండితే కొనుక్కోవచ్చు. ఈ కొత్త పద్ధతిలో పుట్టిన తేదీ చూస్తారు. గీత 2009 జనవరి 1 అనుకుంటే, ఆ రోజునో ఆ తర్వాతో పుట్టినవాళ్లకు నలభై ఏళ్లొచ్చినా అమ్మకూడదు. ముందు పుట్టినవాళ్లు ఎప్పటిలా కొనుక్కోవచ్చు. కొనుగోలుదారుల సంఖ్య ఏడాదికేడాది తరుగుతుంది. ఇప్పటికే అలవాటుపడ్డ ఎవరికీ ఉన్నట్టుండి సరుకు ఆగదు, కాబట్టి బ్లాకు మార్కెట్‌కు ఒక్కసారిగా గిరాకీ పుట్టదు. మాకు నచ్చిన సంగతి ఇదే.

న్యూజిలాండ్ 2022 డిసెంబరులో సరిగ్గా ఈ తేదీతోనే చట్టం చేసింది. దాంతోపాటు అమ్మే దుకాణాలను సుమారు 6,000 నుంచి 600కు తగ్గించాలని, సిగరెట్లలో నికోటిన్ బాగా తగ్గించాలని కూడా రాసుకుంది. ప్రభుత్వం మారింది, అమల్లోకి రాకముందే 2024 ఫిబ్రవరిలో చట్టం రద్దయింది. బ్రిటన్ అదే తేదీతో 2024లో బిల్లు పెట్టింది. మాల్దీవులు 2007 జనవరి 1 గీతగా 2025 నవంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రూక్‌లైన్ అనే పట్టణం 2000 జనవరి 1 గీతగా తెచ్చిన నిబంధనను ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2024లో సమర్థించింది.

చిక్కులు రెండు. ఒకటి, దుకాణదారుడు అందరి గుర్తింపు కార్డూ చూడాలి. 2050లో ముప్పై తొమ్మిదేళ్ల మనిషికి లేదని చెప్పి, నలభై ఐదేళ్ల మనిషికి ఇవ్వాలి, ముఖం చూసి తేల్చే పని కాదు. అమ్మడానికి లైసెన్సు పెట్టి, తప్పుచేస్తే రద్దు చేసే ఏర్పాటు లేకపోతే చట్టం కాగితానికే పరిమితం. రెండోది, అన్న కొని తమ్ముడికివ్వడం. పెద్దవాళ్లు కొని ఇవ్వడాన్ని కూడా తప్పుగా రాయాలి. శిక్ష మాత్రం తమ్ముడికి పడకూడదు.

ప్రశ్న: పూర్తి నిషేధం కుదరకపోతే ‘లైట్’ సిగరెట్లే ఉంచి మిగతావి ఆపితే?

జవాబు: వద్దు. అది మోసమని తేలి చాలా ఏళ్లయింది. ఒక లైట్ సిగరెట్ తీసుకుని ఫిల్టరు చుట్టూ ఉన్న కాగితాన్ని విప్పి వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. నోట్లో పెట్టుకునే చివర నుంచి సెంటీమీటరు పైచిలుకు దూరంలో సన్నని చుక్కల వరస కనిపిస్తుంది. అవి గాలి రంధ్రాలు. దమ్ము లాగినప్పుడు వాటిగుండా బయటి గాలి చొరబడి పొగను పలచన చేస్తుంది. పాత పద్ధతి పరీక్ష యంత్రం నిమిషానికి ఒకసారి, రెండు సెకన్లపాటు, 35 మిల్లీలీటర్లు పీలుస్తుంది. దానికి వేళ్లూ పెదవులూ లేవు కాబట్టి రంధ్రాలు తెరిచే ఉంటాయి, లెక్క తక్కువ వస్తుంది. మనిషి అలా కాల్చడు. వేళ్లు సగం రంధ్రాలను మూసేస్తాయి. నికోటిన్ చాలకపోతే తెలియకుండానే లోతుగా, త్వరత్వరగా లాగుతాడు. లోపలున్న పొగాకు మాత్రం మామూలుదే. యూరోపియన్ యూనియన్ 2003లో, అమెరికా 2010లో పెట్టెల మీద ‘లైట్’, ‘మైల్డ్’ అన్న మాటలనే తీసేయించాయి.

పొగాకులోనే నికోటిన్ తీసేయడం వేరే పని, దానికి మేం మద్దతిస్తాం. మామూలు సిగరెట్ పొగాకులో గ్రాముకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటుంది. న్యూజిలాండ్ రాసుకున్న హద్దు 0.8 మిల్లీగ్రాములు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2025 జనవరిలో ప్రతిపాదించింది 0.7. ఇంత తక్కువైతే ఎంత గట్టిగా లాగినా అలవాటును పోషించేంత నికోటిన్ అందదు. కాలే పొగాకు విషం మాత్రం ఎక్కడికీ పోదు, కాబట్టి దీన్ని "సురక్షిత సిగరెట్" అని అమ్మనిస్తే మళ్లీ లైట్ కథే.

ప్రశ్న: పన్ను పెంచితే దొంగసరుకు పెరుగుతుంది, పెంచకపోతే వాడకం పెరుగుతుంది. ఏది మేలు?

జవాబు: పెంచడమే, కాని పద్ధతిగా. ధర 10 శాతం పెరిగితే వాడకం 4, 5 శాతం తగ్గుతుంది. పిల్లల్లో, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లలో ఇంకాస్త ఎక్కువగా తగ్గుతుంది. చిల్లర ధరలో కనీసం 75 శాతం పన్నే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఎక్కడ పాడవుతుందంటే, ధరలో శాతంగా వేసిన పన్ను చవక రకాల మీద తక్కువ పడుతుంది, జనం మానకుండా చవక రకానికి దిగిపోతారు. అందుకే సిగరెట్‌కు ఇంత అని స్థిరమైన మొత్తం వేయాలి, పొడవును బట్టి తేడాలు ఉండకూడదు. తేడా ఉంటే కంపెనీ మరుసటి నెలకల్లా నాలుగు మిల్లీమీటర్లు కత్తిరించిన కొత్త రకాన్ని దింపుతుంది. స్థిర మొత్తాన్ని ఏటా ధరల పెరుగుదలకూ ఆదాయాల పెరుగుదలకూ తగ్గట్టు పెంచకపోతే మూడు నాలుగేళ్లలో దాని పదును పోతుంది. విడి పొగాకును వదిలేస్తే చుట్టుకుని కాల్చడం మొదలవుతుంది. పెంపు తేదీని నెలల ముందే చెబితే గిడ్డంగులు పాత పన్ను సరుకుతో నిండుతాయి.

దొంగసరుకుకు మందు సరఫరా దారిని కనిపెట్టి ఉండటం. ప్రతి పెట్టెకూ మరొకదానికి లేని సంకేతం, ఫ్యాక్టరీ నుంచి దుకాణం దాకా ప్రతి మజిలీలో దాని నమోదు. 2018లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం అడిగేదీ ఇదే. ఈ నమోదు యంత్రాంగం కంపెనీల చేతిలో ఉండకూడదు, దొంగకు తాళాలిచ్చినట్టవుతుంది.

ప్రశ్న: మా ఆఫీసులో ఎగ్జాస్ట్ ఫ్యాన్లతో పొగ గది కట్టించారు. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. తలుపు తెరిచిన ప్రతిసారీ పొగ వరండాలోకి వస్తుంది, పొగ రేణువులు మైక్రాన్ కంటే చిన్నవి, ఎంత గాలి తిప్పినా పూర్తిగా పోవు. 2004 మార్చి 29న పనిచేసే చోట్లన్నిటా పొగ ఆపిన మొదటి దేశం ఐర్లండ్. ఆ పద్ధతి అడగండి: భవనం లోపల ఎక్కడా వద్దు, బయట కేటాయించిన చోటు తలుపులకూ కిటికీలకూ ఏసీ గాలి పీల్చుకునే ద్వారాలకూ కనీసం ఏడెనిమిది మీటర్ల దూరంలో ఉండాలి.

ప్రశ్న: చట్టం వచ్చినా రాకపోయినా నేను మానాలనుకుంటున్నాను. రోజుకు పదిహేను కాలుస్తాను. నికోటిన్ గమ్ వాడితే ఎక్కిళ్లు, కడుపులో మంట వచ్చి వదిలేశాను. వేరే దారి?

జవాబు: గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి ఉంటారు. నూటికి తొంభై మంది చేసే పొరపాటు ఇదేనేమో అనిపిస్తుంది. అలా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోతుంది, అక్కడ మంట తప్ప లాభం లేదు. అది ఎక్కాల్సింది బుగ్గ లోపలి చర్మం గుండా. నెమ్మదిగా కొన్నిసార్లు నమలండి. నాలుక చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య దాన్ని పెట్టి ఊరుకోండి. నిమిషానికి చురుకు తగ్గుతుంది, మళ్లీ కాస్త నమిలి మరో పక్క పెట్టండి. ఒక గమ్ అరగంట వస్తుంది. దానికి ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపు, కాఫీ, పండ్ల రసం, సోడా వద్దు. పులుపు నోట్లో ఉంటే నికోటిన్ ఎక్కదు.

లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ ముట్టించేవారైతే 4 మిల్లీగ్రాముల గమ్, ఆ తర్వాతైతే 2 మిల్లీగ్రాములది. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు. రోజుకు 24 దాటకూడదు. రెండు మూడు వాడి "పనిచేయలేదు" అనడం రెండో పొరపాటు.

గమ్‌తోపాటు చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ కలిపితే ఒక్కదానికంటే మేలని పరీక్షల్లో తేలింది. ప్యాచ్ రోజంతా సన్నగా అందిస్తుంది, ఉన్నట్టుండి వచ్చే కోరికకు గమ్ పనికొస్తుంది. పదికి మించి కాలుస్తారు కాబట్టి 21 మిల్లీగ్రాముల ప్యాచ్ ఆరు వారాలు, 14ది రెండు వారాలు, 7ది రెండు వారాలు. పొద్దున్నే వెంట్రుకలు లేని, పొడి చర్మం మీద పది సెకన్లు అదిమి అంటించండి. రోజూ చోటు మార్చండి. రాత్రి పీడకలలు వస్తే పడుకునే ముందు తీసేయండి. వాడినదాన్ని అంటు లోపలికి మడిచి పిల్లలకు అందకుండా పారేయండి, అందులో ఇంకా నికోటిన్ ఉంటుంది. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, గర్భిణులు, పద్దెనిమిది నిండనివాళ్లు డాక్టరును అడగకుండా ఇవేవీ వాడవద్దు. గమ్, ప్యాచ్ రెండూ పడకపోతే వారెనిక్లిన్ అనే మాత్ర ఉంది, డాక్టరు రాస్తేనే.

చిరాకు, నిద్ర పట్టకపోవడం రెండు మూడు రోజులకు పతాకస్థాయికి చేరి రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. పొగలోని తారు కాలేయాన్ని తొందరపెట్టి కెఫీన్‌ను త్వరగా కరిగింపజేస్తుంది. పొగ ఆపితే అదే రెండు కప్పుల కాఫీ దాదాపు రెట్టింపుగా పనిచేస్తుంది. గుండె దడను, వణుకును నికోటిన్ లేకపోవడం వల్ల వచ్చినవనుకుని మళ్లీ ముట్టించేవాళ్లున్నారు. మానే రోజు నుంచే కాఫీ సగానికి తగ్గించండి. ఆస్తమాకు థియోఫిలిన్, మానసిక వ్యాధికి క్లోజపిన్ వాడేవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. మానబోయే తేదీ డాక్టరుకు ముందే చెబితే ఆ మందు మోతాదు సరిచేస్తారు.