సమోవాలో పిల్లల కోసం జరిపే 'వైట్ సండే' అంటే ఏమిటి? ఆ రోజు ఏం చేస్తారు?

పసిఫిక్ మహాసముద్రంలోని ద్వీపదేశం సమోవాలో వైట్ సండే అక్టోబరు నెలలో రెండో ఆదివారం వస్తుంది. సమోవా భాషలో దీన్ని 'లోటు తమైతి' అంటారు, అంటే పిల్లల ఆరాధన అని. మర్నాడు సోమవారం దేశమంతా సెలవు.

పిల్లలు తెల్లబట్టలు వేసుకుని చర్చికి వెళ్తారు. ఆ రోజు కార్యక్రమం అంతా వాళ్లదే, చిన్న చిన్న పిల్లలు కూడా ముందుకొచ్చి కంఠతా పట్టిన బైబిల్ వాక్యాలు చెప్తారు, పెద్ద పిల్లలు పాటలు పాడతారు, బైబిల్ కథల్ని నాటికలుగా వేస్తారు. దీనికి వారాల తరబడి రిహార్సల్స్ ఉంటాయి కాబట్టి పిల్లలకే కాదు, వాళ్ల అమ్మలకీ టెన్షనే.

నాకు మాత్రం అసలు పండగ చర్చి తర్వాత ఇంట్లో మొదలవుతుందనిపిస్తుంది. ఎందుకంటే సమోవా ఇళ్లల్లో మామూలుగా పెద్దవాళ్లు ముందు తింటారు, పిల్లలు వడ్డించి, చేతులు కడుక్కోవడానికి నీళ్లందించి, ఆ తర్వాతే తింటారు. ఈ ఒక్క రోజు అది పూర్తిగా తిరగబడుతుంది: పిల్లల్ని ముందు కూర్చోబెట్టి అమ్మానాన్నలు, తాతలు వడ్డిస్తారు. కాల్చిన రాళ్ల మీద ఆకులు కప్పి వండిన పంది మాంసం, చేమదుంపలు, లేత చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి చుట్టిన 'పలుసామి' (మన చేమాకు వంటకాలు తిన్నవాళ్లకి ఇది తప్పకుండా నచ్చుతుంది), మంచి ముక్కలన్నీ వాళ్లకే.

న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో స్థిరపడ్డ సమోవా కుటుంబాలు కూడా దీన్ని మానలేదు. పసిఫిక్‌లోనే ఉన్న మరో ద్వీపదేశం టోంగాలో ఇలాంటిదే 'ఫాకమే' అని మే నెలలో చేస్తారు.